‘రేపట్నుంచి రావద్దు’ అంటే చెల్లదు

మేస్త్రి తల కూడా ఎత్తడు. "మస్టర్లో నీ పేరు లేదు, రేపట్నుంచి రావద్దు" అంటాడు. పన్నెండేళ్లు ఊరి మురుగు ఎత్తిపోసిన మనిషి ఆ ఒక్క మాటతో రోడ్డు మీద పడతాడు. ఎందుకు తీశారని అడిగితే మేస్త్రి కాంట్రాక్టర్ని అడగమంటాడు. కాంట్రాక్టరు కమిషనర్ని అడగమంటాడు. కమిషనరేమో అసలు నువ్వు మా మనిషివే కాదంటాడు. మున్సిపాలిటీల్లో, స్పిన్నింగు మిల్లుల్లో, ప్రైవేటు ఆస్పత్రుల్లో, రొయ్యల ఫ్యాక్టరీల్లో మనోళ్ల పనులు పోయే తీరు ఇదే.

కాయితం మీద తీసెయ్యరు, నోటితో తీసేస్తారు. దానికి కారణం ఉంది. కాయితం ఇస్తే అందులో తప్పేమిటో రాయాలి. రాస్తే రుజువు చెయ్యాలి. రుజువు చెయ్యాలంటే మన మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి నువ్వేమంటావని అడగాలి. మాదిగపల్లె నుంచి, మాలపల్లె నుంచి వచ్చినోణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి నీ మాటేమిటని అడగటం వాళ్లకు మింగుడు పడని సంగతి. అందుకే చట్టం ఎంక్వయిరీ జరపమన్నా వాళ్లు గేటు దగ్గరే తేల్చేస్తారు.

చిన్న మేస్త్రి సంగతి సరే, సర్కారే ఆ పని చేస్తే ఏమంటాం? 2019 అక్టోబరు 5న తెలంగాణ ఆర్టీసీలో సమ్మె మొదలైంది. దాదాపు 48 వేల మంది కార్మికులు. సాయంత్రం ఆరింటికల్లా డ్యూటీలో చేరనివాళ్లు తమను తామే డిస్మిస్ చేసుకున్నట్టేనని అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర రావు ప్రకటించారు. ‘సెల్ఫ్ డిస్మిస్’ అన్న మాట తెలుగోళ్లకు ఆయనే నేర్పారు. ఛార్జి మెమో లేదు, షోకాజ్ నోటీసు లేదు, ఎంక్వయిరీ లేదు. సమ్మె 52 రోజులు నడిచింది. ఆ రోజుల్లో కొందరు ప్రాణాలు తీసుకున్నారు. చివరకు నవంబరు 28న అదే ముఖ్యమంత్రి రేపు వచ్చి చేరండన్నారు. తమను తామే డిస్మిస్ చేసుకున్నోళ్లు మళ్లీ ఎట్లా చేరారు? చేరారంటే ఆ డిస్మిస్సుకు చట్టం బలం లేదని అన్నవాళ్లకే తెలుసన్నమాట. భయపెట్టటానికి పనికొచ్చే మాట అది. 2024 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో 42 రోజుల సమ్మెలో ఉన్న అంగన్‌వాడీ అక్కచెల్లెళ్ల మీద ఎస్మా పెట్టి తీసేస్తామని నోటీసులిచ్చిందీ ఈ లెక్కనే.

ఇక ‘దుష్ప్రవర్తన’ సంగతి చూద్దాం. ఇంగ్లీషు ఛార్జిషీటులో ‘మిస్‌కాండక్ట్’ అని ఉంటుంది. ఆ మాట చూడగానే మనవాళ్లు సగం చచ్చిపోతారు, ఊళ్లో పరువు పోయిందనుకుంటారు. అసలు ఆ మాటకు ఒక హద్దు ఉంది. 1946లో స్టాండింగ్ ఆర్డర్ల చట్టం వచ్చింది. బాబాసాహెబ్ అంబేడ్కర్ వైస్రాయి కౌన్సిల్లో లేబర్ మెంబర్‌గా ఉన్న కాలం అది. అంతకుముందు యజమాని నోటికి ఏదొస్తే అదే రూలు. ఏది తప్పు, దానికి ఏం శిక్ష, ఎట్లా విచారించాలి అనేవి ముందే రాసిపెట్టి, కార్మికుడికి అర్థమయ్యే భాషలో గేటు దగ్గర అంటించాలని ఆ చట్టం చెప్పింది. రాసిపెట్టిన జాబితాలో లేనిదాన్ని తర్వాత తెచ్చి దుష్ప్రవర్తన అనటానికి వీల్లేదని 1983లో గ్లాక్సో కంపెనీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆవరణకు బయట, పనితో సంబంధం లేకుండా జరిగిన దాన్ని లాక్కొచ్చి శిక్ష వెయ్యకూడదని కూడా చెప్పింది. అంబేడ్కర్ జయంతి ఊరేగింపులో డప్పు కొట్టాడనో, ఊళ్లో ఆసామితో పొలం గట్టు తగాదా ఉందనో మిల్లులో పని తీసేస్తే ఈ తీర్పు గుర్తుంచుకోవాలి.

ఆ జాబితాలో మొదటి తప్పు ఆజ్ఞ ధిక్కారం. మనోళ్ల మీద ఎక్కువగా వాడేది కూడా అదే. "చెప్పిన పని చెయ్యలేదు", "ఎదురు మాట్లాడాడు". కేంద్రం ఇచ్చిన నమూనా స్టాండింగ్ ఆర్డర్లలో ఆ వాక్యం జాగ్రత్తగా చదవండి. పై అధికారి ఇచ్చిన చట్టబద్ధమైన, సమంజసమైన ఆజ్ఞను కావాలని ధిక్కరిస్తేనే అది తప్పు. ఏ ఆజ్ఞ అయితే ఆ ఆజ్ఞ కాదు. మ్యాన్‌హోల్లోకి దిగమని సూపర్వైజరు అంటే, దిగనని పారిశుధ్య కార్మికుడు అంటే, ధిక్కారం ఎవరిది? 2013లో వచ్చిన చట్టం రక్షణ సామగ్రి లేకుండా మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు మనిషి చేత శుభ్రం చేయించటాన్ని నేరం చేసింది. అంటే ఆ ఆజ్ఞ ఇచ్చినోడే నేరం చేస్తున్నాడు. దిగనన్నోడు చట్టం ప్రకారం నడుస్తున్నాడు. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇట్లా చనిపోయినోళ్ల కుటుంబాలకు పరిహారం 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచింది. చచ్చాక ముప్పై లక్షలిస్తారు గానీ బతికుండి దిగనన్నోడికి మర్నాడు మస్టర్లో పేరుండదు. దిగనన్నందుకు తీసేసిన ప్రతి కేసునూ మన సంఘాలు పట్టుకుని పోరాడాలి. ఇంత బలమైన కేసు మనకు మరొకటి దొరకదు. అయినా మనవాళ్లు, ‘పోనీలే, ఇంకో కాంట్రాక్టరు దగ్గర చేరదాం’ అని వదిలేస్తున్నారు.

‘ఎదురు మాట్లాడాడు’ అనేది మరీ మోసమైన నేరం. పై కులపోడు గట్టిగా మాట్లాడితే అది చొరవ. మనోడు అదే గొంతుతో మాట్లాడితే పొగరు. కాయితం మీదకొచ్చేసరికి అది ‘క్రమశిక్షణారాహిత్యం’ అవుతుంది. ఉత్తరప్రదేశ్‌లో ఒక కార్మికుడు 14 ఏళ్లు మచ్చ లేకుండా పనిచేసి, ఒకసారి అధికారి మీద నోరు జారితే పనిలోంచి తీసేశారు. ఒక్క మాటకు ఉద్యోగం తీసెయ్యటం మితిమీరిన శిక్ష అని 1982లో సుప్రీంకోర్టు అతణ్ణి తిరిగి పనిలో పెట్టించి, రెండు ఇంక్రిమెంట్లు ఆపమంది. 1971లో పారిశ్రామిక వివాదాల చట్టానికి 11ఎ సెక్షన్ చేర్చబట్టే ఇట్లాంటి అధికారం లేబర్ కోర్టులకు కూడా దక్కింది. యజమాని వేసిన శిక్ష తప్పుకు మించి ఉంటే దాన్ని తగ్గించవచ్చు. అంతకుముందు కోర్టు చేతులు చాలావరకు కట్టేసి ఉండేవి.

ఒకే తప్పుకు ఇద్దరికి రెండు శిక్షలు వెయ్యటం కూడా కుదరదు. మధ్యప్రదేశ్‌లో ఒక పోలీసు కానిస్టేబుల్ని డిస్మిస్ చేసి, అదే ఘటనలో అంతకంటే పెద్ద పాత్ర ఉన్నవాణ్ణి చిన్న శిక్షతో వదిలేస్తే, 2013లో సుప్రీంకోర్టు అది చెల్లదంది. మన కార్యకర్తలు ఎంక్వయిరీకి పోయినప్పుడు తప్పకుండా వెయ్యాల్సిన ప్రశ్న: ఇదే తప్పు ఇంతకుముందు ఇక్కడ ఎవరెవరు చేశారు, వాళ్లకేం శిక్ష వేశారు? ఆ పేర్లు పక్కపక్కన పెడితే కులం తనంతట తానే బయటపడుతుంది.

కొన్నిచోట్ల కులం దాచుకోవటం కూడా ఉండదు. 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని చంపావత్ జిల్లాలో ఒక బడిలో దళిత స్త్రీ వండిన మధ్యాహ్న భోజనం తినమని అగ్రకులాల పిల్లలు మొండికేశారు. తీసేసింది ఆమెనే. కాయితం మీద చూపిన కారణం మాత్రం నియామకం నిబంధనల ప్రకారం జరగలేదని. దేశమంతా అడిగాక తిరిగి పెట్టుకున్నారు. వంటవాళ్ల నియామకంలో దళితులకు, ఆదివాసులకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్లోనే ఆదేశించింది. మన ఎన్ని బళ్లలో అది అమలవుతోందో పంతుళ్లం మాకే బాగా తెలుసు.

ఎంక్వయిరీ అంటే ఏమిటో మనవాళ్లకు ఎవరూ చెప్పరు. ఆరోపణ కాయితం మీద ఇవ్వాలి, ఏ రోజు, ఎక్కడ, ఏం జరిగిందో అందులో ఉండాలి. జవాబుకు గడువివ్వాలి. సాక్షుల్ని మన ముందే విచారించాలి, వాళ్లను మనం ప్రశ్నించాలి, మన సాక్షుల్ని మనం తెచ్చుకోవాలి. పక్కన తోటి కార్మికుణ్ణి పెట్టుకోవచ్చు. ఫిర్యాదు చేసినోడే విచారణాధికారిగా కూర్చోకూడదు. విచారణ నివేదిక నకలు శిక్షకు ముందే మన చేతికివ్వాలి. ఈ చివరి సంగతి తేల్చిన 1993 నాటి పెద్ద తీర్పు మన హైదరాబాదు ఈసీఐఎల్ కేసే. అయిదుగురు జడ్జీలు కూర్చుని చెప్పారు. సస్పెండు చేసిన రోజుల్లో జీవనభృతి ఇవ్వాలి: మొదటి 90 రోజులు సగం జీతం, మనవల్ల కాకుండా విచారణ సాగితే ఆ తర్వాత ముప్పావు.

ఆ భృతి ఎగ్గొట్టడం మామూలుగా జరిగే పన్నాగం. తిండికి లేనోడు బస్సు ఛార్జీ పెట్టుకుని విచారణకు ఎక్కడికి పోతాడు? రాడు. రాలేదని ఏకపక్షంగా తేల్చేస్తారు. మధ్యప్రదేశ్‌లో ఒక ఫారెస్టు రేంజరుకు సరిగ్గా ఇదే జరిగింది. అతనుండేది రీవాలో, విచారణేమో 500 కిలోమీటర్ల అవతల జగదల్పూరులో. భృతి ఇవ్వలేదు. ఆ డిస్మిస్సును 1973లో సుప్రీంకోర్టు కొట్టేసింది. కోలారు బంగారు గనుల్లో 1985లో ఇంకో ఉద్యోగి మీద బంగారం దొరికిందని కేసు పెట్టి సస్పెండు చేశారు. భృతి ఇవ్వకుండా, ఒంట్లో బాగాలేదని గడువడిగినా ఆగకుండా, 1986లో డిస్మిస్ చేశారు. 1987లో క్రిమినల్ కోర్టు నిర్దోషి అంది. పూర్తి జీతంతో తిరిగి తీసుకోమని సుప్రీంకోర్టు తీర్పొచ్చేసరికి 1999. పద్నాలుగేళ్లు! గెలుపే, కాదనటం లేదు. కానీ ఆ పద్నాలుగేళ్లు ఆ ఇంట్లో పొయ్యి ఎట్లా వెలిగిందో తీర్పులో ఉండదు.

ఇంకో పన్నాగం, ‘వాడే రావటం మానేశాడు’ అనటం. మళ్లీ గేటు దగ్గరకే వస్తున్నాం, ఎందుకంటే అసలు దొంగతనం అక్కడే జరుగుతుంది. గేటులోపలికి రానివ్వరు, పది రోజులయ్యాక సెలవు పెట్టకుండా గైర్హాజరయ్యాడని రాసుకుంటారు. 1980లో జె.ఎం.ఎ. ఇండస్ట్రీస్ అనే కంపెనీలో ఇదే చేశారు. ఎనిమిది రోజులు దాటి రాకపోతే ఉద్యోగం దానంతట అదే పోతుందని వాళ్ల స్టాండింగ్ ఆర్డర్లలో ఉంది. నన్ను గేటు దగ్గర ఆపేశారని కార్మికుడు మొత్తుకున్నాడు. 1993లో సుప్రీంకోర్టు చెప్పింది: ఉద్యోగం బతుకు తెరువు, బతికే హక్కులో భాగం, స్టాండింగ్ ఆర్డరులో ఏం రాసుకున్నా మనిషి మాట వినకుండా తీసెయ్యటానికి లేదు. సగం పాత జీతంతో పని తిరిగొచ్చింది.

ఇంత చట్టం ఉండి మనం ఎందుకు ఓడిపోతున్నాం? కాయితం లేక. ఏడాదిలో 240 రోజులు పనిచేసినోణ్ణి కారణమేదైనా అక్కర్లేదని తీసేస్తే నెల ముందు నోటీసివ్వాలి, ఏడాదికి 15 రోజుల లెక్కన పరిహారమివ్వాలి. కానీ ఆ 240 రోజులు పనిచేశానని రుజువు చేసుకోవాల్సింది కార్మికుడే, ఉత్త ప్రమాణపత్రం చాలదని 2002లో కర్ణాటక అటవీశాఖ కేసులో సుప్రీంకోర్టు అంది. మస్టరు వాళ్ల బీరువాలో ఉంటుంది, రుజువు మనం తేవాలి! 2005లో అదే కోర్టు కొంచెం మెత్తబడింది. కార్మికుడు బోనెక్కి సాక్ష్యం చెప్పి మస్టరు రోల్సు తెప్పించమని అడగవచ్చంది. అడగాలని తెలిసినోడికే ఆ తీర్పు. తీరా గెలిచినా, రోజుకూలీ అయితే పని బదులు డబ్బిచ్చి పంపటం ఎక్కువైంది. 2009లో హర్యానా మార్కెట్ బోర్డు రోజుకూలీకి ఇప్పించింది 50 వేలు. అట్లాగని అన్ని తలుపులూ మూసుకుపోలేదు. కేంద్ర జలసంఘంలో ఏళ్ల తరబడి ఊడ్చిన, తోటపని చేసిన వాళ్లను 2018లో ఒక్కసారిగా తీసేస్తే, 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు వాళ్లను వెనక్కి తీసుకుని పర్మినెంటు చెయ్యమంది.

ఇక్కడ మనవాళ్ల గురించి కూడా ఒక మాట. ఏ తప్పూ చెయ్యనోళ్లనే తీసేస్తున్నారని మనం మాట్లాడితే ఎవరూ నమ్మరు, నమ్మక్కర్లేదు కూడా. తాగి స్టీరింగు పట్టుకున్నోణ్ణి, తోటి ఆడకూలీ మీద చెయ్యేసినోణ్ణి మనోడు కదా అని సంఘం వెనకేసుకు రాకూడదు. వాడికీ విచారణ జరగాలి, అంతవరకే మన వాదన. డబ్బు విషయంలో కోర్టులు మరీ కఠినంగా ఉన్నాయి. కండక్టరు దగ్గర తేడా పదిరూపాయలైనా పదివేలైనా నమ్మకం పోవటం ఒకటేనని 2004లో కర్ణాటక ఆర్టీసీ కేసులో సుప్రీంకోర్టు అంది. ప్రయాణికుల్ని సాక్ష్యానికి పిలవక్కర్లేదని 1977లోనే హర్యానా కేసులో చెప్పింది. డ్యూటీలో నిద్రపోయినోణ్ణి, అంతకుముందు మూడుసార్లు తప్పు చేసి ఉన్నాడని, తీసెయ్యటం సరేనని 2005లో భారత్ ఫోర్జ్ కేసులో ఒప్పుకుంది. అందుకే మెమో చిన్నదే కదా అని సంతకం పెట్టి మర్చిపోవద్దు. చిన్న మెమోలే రేపు ‘పాత చరిత్ర’ అవుతాయి. ప్రతిదానికీ జవాబు రాసి నకలు ఉంచుకోవాలి.

ఇప్పుడు కొత్త ప్రమాదం. 2025 నవంబరు 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. 1946 స్టాండింగ్ ఆర్డర్ల చట్టం, 1947 పారిశ్రామిక వివాదాల చట్టం రెండూ దాంట్లో కలిసిపోయాయి. 11ఎ లాంటి అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది, ఒంటరి కార్మికుడి తొలగింపు కూడా పారిశ్రామిక వివాదమేనని ఒప్పుకుంది. అంతవరకు మేలే. కానీ స్టాండింగ్ ఆర్డర్లు ఇకమీద 300 మంది పైన ఉన్నచోటే తప్పనిసరి. కేంద్ర చట్టంలో ఇదివరకు ఆ అంకె 100. మన మండలాల్లో 300 మంది ఉన్న మిల్లులు ఎన్ని? ఫలానా తేదీ దాకా అని రాసి పెట్టుకునే ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగం చట్టమైంది. ఆ తేదీ అయిపోతే తీసెయ్యటం తొలగింపు కిందికే రాదు. దుష్ప్రవర్తన నిందలు కూడా వాళ్లకిక అక్కర్లేదు, క్యాలెండరు చాలు. గడువు కూడా తగ్గింది. ఇదివరకు కోర్టుకెక్కటానికి మూడేళ్లుండేది, ఇప్పుడు వివాదం పుట్టిన రెండేళ్లలోపు రాజీ అధికారి దగ్గర, అంటే లేబర్ ఆఫీసులో, పడాలి. అక్కడ తేలకపోతే ఆయన నివేదిక అందిన 90 రోజుల్లో ట్రిబ్యునల్‌కు పోవాలి. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1987లోనే దేశానికంటే ముందు చట్టం సవరించి, తీసేసిన కార్మికుడు నేరుగా లేబర్ కోర్టుకు పోవచ్చంది. ఆ దారి ఆ చట్టంతోటే పోయింది. ఇళ్లలో పాచిపని చేసే మన ఆడోళ్లకు ఈ కోడ్ వర్తించనే వర్తించదు. ఈ రాస్తున్న నాబోటి బడిపంతుళ్లు కూడా కార్మికుల లెక్కలోకి రారని 1988లోనే సుప్రీంకోర్టు అంది. వాళ్ల పోరాటం వేరే దారిన నడవాలి.

కాబట్టి కార్యకర్తలు ధర్నాకు ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. నోటితో తీసేసిన వారంలోపు తెలుగులోనే ఒక ఉత్తరం రాయించండి: ఫలానా తేదీ నుంచి ఫలానా పని చేస్తున్నాను, ఫలానా రోజు ఫలానా మేస్త్రి రావద్దన్నాడు, కారణం చెప్పలేదు, పనిలోకి రావటానికి నేను సిద్ధం. కాంట్రాక్టరుకు ఒకటి, కమిషనరుకు లేక మేనేజరుకు ఒకటి, లేబర్ ఆఫీసుకు ఒకటి స్పీడ్ పోస్టులో రిజిస్ట్రేషన్ చేయించి వెయ్యండి. చేరినట్టు వచ్చిన రసీదు పారెయ్యొద్దు. ‘వాడే రావటం మానేశాడు’ అన్న అబద్ధానికి ఆ రసీదే జవాబు. తీసేశాక ఎక్కడా పని దొరకలేదని దరఖాస్తులో తప్పకుండా రాయాలి. అట్లా చెప్పినోడికి మామూలుగా పాత జీతం ఇవ్వాల్సిందేనని, వేరేచోట సంపాదించాడంటే అది యజమానే రుజువు చెయ్యాలని 2013లో ఒక మహారాష్ట్ర టీచరు కేసులో సుప్రీంకోర్టు అంది. మెమో ఇస్తే ‘ముట్టినది’ అని తేదీ వేసి సంతకం పెట్టాలి, అంతకు మించి ఒక్క అక్షరం వద్దు. పనిలో చేరేటప్పుడే తెల్లకాయితం మీద సంతకం తీసుకునేచోట ఆ సంగతి సంఘానికి ఆ రోజే చెప్పాలి, రేపు దాని మీదే రాజీనామా రాసుకుంటారు. లోపల నలుగురి ముందు కులం పేరు పెట్టి తిడితే అది అట్రాసిటీ కేసు, పోలీసు స్టేషన్లో వేరేగా పెట్టాలి. ఉద్యోగం కేసుతో కలిపి రాజీలో వదులుకోకూడదు.

ఈఎస్ఐ కార్డు, పీఎఫ్ నంబరు, జీతం పడిన బ్యాంకు పుస్తకం, యూనిఫాం ఇచ్చిన రోజు తీసుకున్న ఫొటో, సెల్లులో మేస్త్రి పంపిన డ్యూటీ మెసేజీ, ఏదైనా 240 రోజుల లెక్కకు పనికొస్తుంది. మున్సిపాలిటీ, పంచాయతీ, సర్కారు ఆస్పత్రి అయితే మస్టరు నకలు కోసం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నోళ్లకు దానికి ఫీజు కూడా లేదు.